తీర్పు – తీర్పరి: అమెరికా గర్భవిచ్ఛిత్తి తీర్పులపై రాజకీయ శక్తుల ప్రభావము

విషయ ప్రవేశము

న్యాయస్థానములు వెలువరించు తీర్పులను సాహిత్యకృతులవలె విమర్శింపవచ్చునా యను సందేహము కొందరికి కలుగవచ్చును. తీర్పుకూడ ఒక రచనయే. దానికొక కర్త కలడు. ఆ కర్తకొక కాలము, ఒక శిక్షణము, ఒక లోకదృష్టి కలవు. ఆ రచన ఎచ్చట ప్రారంభమగుచున్నది, దేనిని ప్రమాణముగా గైకొనుచున్నది, దేనిని చెప్పక విడిచిపెట్టుచున్నది యను అంశములను పరిశీలించినచో, కర్త మనస్సు మాత్రమేగాక, ఆ కర్తను న్యాయపీఠముపై కూర్చుండబెట్టిన శక్తులుకూడ కొంతవరకు గోచరించును.

అమెరికా సుప్రీంకోర్టు గర్భవిచ్ఛిత్తి విషయమై 1973, 1992, 2022 సంవత్సరములలో ఇచ్చిన మూడు ప్రధానమైన తీర్పులను ఈ వ్యాసమున అట్టి దృష్టితో పరిశీలింపబూనితిని. గర్భవిచ్ఛిత్తి ధర్మమా, అధర్మమా యనునది యిచ్చట చర్చనీయాంశము కాదు. ఆ విషయమున సజ్జనులలోనే భేదాభిప్రాయములు కలవు. న్యాయమూర్తుల నిర్ణయములను రాజకీయ శక్తులు ఏ మార్గమున, ఏ దశయందు, ఎంతవరకు తీర్చిదిద్దుచున్నవి యనునదే ప్రశ్న.

ఇది మనకు సంబంధింపని విషయమని తలపరాదు. మొదటి తీర్పునకు మూలమైన వ్యాజ్యము టెక్సాస్ రాష్ట్రమందలి డల్లాస్ నగరమునుండి బయలుదేరినది. నేడు ఆ నగర పరిసరములలో వేలకొలది తెలుగు కుటుంబములు కలవు. బెంగుళూరు, చెన్నై, బరంపురము, షోలాపురము, యానాము మొదలగు చోట్ల స్థిరపడిన మన యిండ్లనుండి వెడలిన ఆడుబిడ్డలు, కోడండ్రుకూడ అట్టి రాష్ట్రముల చట్టముల క్రిందనే కాపురములు చేయుచు, గర్భములు ధరించుచున్నారు. ఆ చట్టములు ఎట్లు మారినవో, ఏల మారినవో తెలిసికొనుట వారి తలిదండ్రులకు నిష్ప్రయోజనము కాజాలదు.

పదములలోని పక్షము

మూడు తీర్పులను విడివిడిగా చూచుటకు ముందు ఒక భాషావిషయమును గమనింపవలెను. మన భాషలో ఈ క్రియకు 'భ్రూణహత్య' యనియు, 'గర్భవిచ్ఛిత్తి' యనియు రెండు పేర్లు కలవు. మొదటిది ధర్మశాస్త్రముల భాష. అందు నేరారోపణము పదములోనే యిమిడియున్నది. రెండవది వైద్యుని భాష. అందు పాపపుణ్యముల ప్రసక్తి లేదు. ఈ రెండు పదములలో దేనిని గైకొన్నను వాదము సగము ముగిసినట్లే.

అమెరికా తీర్పులయందును ఇదే స్థితి కలదు. 1973 నాటి తీర్పు గర్భస్థ శిశువును 'సంభావ్య జీవము' అని పేర్కొన్నది. అనగా, జీవము కాగలది అని యర్థము. 2022 లో విచారణకు వచ్చిన మిసిసిపీ రాష్ట్ర చట్టము దానినే 'ఇంకను జన్మింపని మానవ ప్రాణి' యని పేర్కొన్నది. ఆ సంవత్సరపు తీర్పు ఈ రెండు వ్యవహారములను ప్రక్కప్రక్కన నిలిపి, పూర్వపు హక్కులనుండి గర్భవిచ్ఛిత్తిని వేరుచేయుటకు ఈ భేదమునే ఆధారముగా గైకొన్నది. న్యాయమూర్తి తర్కము ప్రారంభింపక పూర్వమే పదము తన పని తాను చేయుచుండునని దీనివలన తెలియుచున్నది.

1973: పక్షములు పుట్టక పూర్వము

1973 జనవరి 22వ తేదీన వెలువడిన 'రో – వేడ్' తీర్పు ఏడుగురు న్యాయమూర్తుల సమ్మతితోను, ఇద్దరి అసమ్మతితోను ఏర్పడినది. తల్లి ప్రాణమును కాపాడుటకు తప్ప తక్కిన సందర్భములలో గర్భవిచ్ఛిత్తిని నేరముగా పరిగణించు టెక్సాస్ చట్టమును అది రాజ్యాంగ విరుద్ధమని త్రోసిపుచ్చినది. రాజ్యాంగపు పదునాలుగవ సవరణలోని స్వేచ్ఛయందు వ్యక్తి ఆంతరంగిక జీవన హక్కు ఇమిడియున్నదనియు, ఆ హక్కు గర్భవిచ్ఛిత్తి నిర్ణయమునకుకూడ వర్తించుననియు తీర్పు సారాంశము. గర్భకాలము మూడు భాగములుగా విభజింపబడినది. మొదటి మూడు మాసములలో నిర్ణయము స్త్రీకిని, ఆమె వైద్యునికిని చెందును. తరువాతి దశలో తల్లి ఆరోగ్య రక్షణకై ప్రభుత్వము నియమములు చేయవచ్చును. శిశువు గర్భాశయమునకు వెలుపల జీవింపగల స్థితి వచ్చిన పిమ్మట, తల్లి ప్రాణమునకుగాని ఆరోగ్యమునకుగాని అవసరమైనప్పుడు తప్ప, ప్రభుత్వము నిషేధింపవచ్చును.

ఈ తీర్పు నిచ్చినవారెవరో చూడుడు. రచించిన బ్లాక్‌మన్ రిపబ్లికన్ అధ్యక్షుడగు నిక్సన్ 1970 లో నియమించినవారు. సమ్మతించిన ఏడుగురిలో ఐదుగురు రిపబ్లికన్ అధ్యక్షులచే నియమింపబడినవారే. అసమ్మతి తెలిపిన ఇద్దరిలో వైట్ డెమోక్రాటిక్ అధ్యక్షుడగు కెనెడీచే నియమితులు. రెన్‌క్విస్ట్ నిక్సన్ నియమించినవారు. నియమించిన పక్షము పేరు తెలిసినంతమాత్రమున న్యాయమూర్తి అభిప్రాయమును ఊహించుట ఆనాడు సాధ్యము కాకపోయెను.

కారణము స్పష్టము. గర్భవిచ్ఛిత్తి ఆనాటికి రెండు పక్షములను వేరుచేయు గీత కాలేదు. కాలిఫోర్నియా గవర్నరుగానున్న రీగన్ 1967 లో గర్భవిచ్ఛిత్తి నిబంధనలను సడలించు చట్టముపై సంతకము చేసిరి. న్యూయార్కులో 1970 నాటి మరింత ఉదారమైన చట్టమునకు ఆమోదము తెలిపిన గవర్నరు రాక్‌ఫెల్లరుకూడ రిపబ్లికన్ పక్షమువారే. తీర్పు వెలువడిన రెండేండ్లకు, అనగా 1975 లో, స్టీవెన్స్ నియామకము సెనేటు ముందునకు వచ్చినప్పుడు విచారణలో ఆయనను 'రో' తీర్పును గూర్చి ఎవరును ప్రశ్నింపలేదు. సెనేటు 98 ఓట్లతో, ఒక్క వ్యతిరేకతయు లేకుండ, ఆయనను అంగీకరించెను.

అట్లని ఈ తీర్పుపై ఏ సామాజిక శక్తియు పనిచేయలేదని చెప్పరాదు. బ్లాక్‌మన్ పూర్వము మేయో వైద్యాలయమునకు న్యాయ సలహాదారుగా పనిచేసినవారు. 1972 వేసవిలో ఆ వైద్యాలయ గ్రంథాలయముననే ఈ విషయమును పరిశోధించిరి. తీర్పు పారసీక, యవన కాలములనుండి ప్రారంభమై, హిపోక్రటీసు ప్రమాణమును చర్చించి, అమెరికా వైద్య సంఘపు అభిప్రాయములు ఎట్లు మారినవో వివరించును. అందలి భాష ఆద్యంతము వైద్యుని భాష. ఆ తీర్పును తీర్చిన శక్తి రాజకీయ పక్షము కాదు, వైద్యవృత్తి. దాని ప్రధాన లోపమును అచ్చటనే కలదు. హక్కు స్త్రీది యని చెప్పుచునే నిర్ణయపు భారమును వైద్యుని చేతిలో నుంచినది. మాసముల విభజన న్యాయనిర్ణయముకంటె శాసనసభ చేయు చట్టమునే ఎక్కువగా పోలియున్నది. గర్భవిచ్ఛిత్తి స్వేచ్ఛను విధానముగా సమర్థించిన జాన్ హార్ట్ ఈలీయే 1973 లో ఈ తీర్పునకు రాజ్యాంగపు ఆధారము చాలదని తీవ్రముగా విమర్శించిరి. మిత్రులే చూపిన ఈ బలహీనత తరువాత శత్రువులకు ద్వారమైనది.

1992: ఒత్తిడిని ఒప్పుకొన్న తీర్పు

తరువాతి రెండు దశాబ్దములలో పక్షములు ఈ ప్రశ్నను తమదిగా చేసికొన్నవి. గర్భస్థ శిశువు రక్షణకై రాజ్యాంగ సవరణను సమర్థించు వాక్యమును రిపబ్లికన్ పక్షము 1976 లో తన ఎన్నికల ప్రణాళికయందు చేర్చెను. 1980 నాటి ప్రణాళికలో మరియొక మెట్టెక్కి, అన్ని స్థాయిల న్యాయస్థానములలోను నిరపరాధ మానవ జీవమును పవిత్రముగా భావించువారినే నియమించుటకు కృషి చేయుదుమని ప్రకటించెను. ఈ మార్పు చాల ముఖ్యమైనది. చట్టమును మార్చుట కష్టము. రాజ్యాంగమును సవరించుట మరింత కష్టము. న్యాయమూర్తిని మార్చుట ఒక ఖాళీ యేర్పడినప్పుడెల్ల సాధ్యము. రాజకీయ శక్తి తన మార్గమును కనుగొన్నది. ప్రతిపక్షముకూడ ఊరకుండలేదు. 1987 లో బోర్క్ నియామకమును సెనేటు 58–42 ఓట్లతో తిరస్కరించుటకు గల కారణములలో ఆయన 'రో' తీర్పుపై వెల్లడించిన అభిప్రాయములు ప్రధానమైనవి.

పెన్సిల్వేనియా రాష్ట్ర చట్టముపై వచ్చిన 'కేసీ' వ్యాజ్యము 1992 లో నిర్ణయింపబడునాటికి తొమ్మండుగురిలో ఎనమండుగురు రిపబ్లికన్ అధ్యక్షులు నియమించినవారు. తొమ్మిదవవారు వైట్, ఆయన 'రో' తీర్పునకు మొదటినుండియు వ్యతిరేకులు. లెక్క ప్రకారము 'రో' ఆనాడే కూలవలసియుండెను. కాని జూన్ 29న వెలువడిన తీర్పు 5–4 ఓట్లతో దాని సారమును నిలిపినది. ఓకానర్, కెనెడీ, సూటర్ అను మువ్వురు న్యాయమూర్తులు కలిసి ప్రధానభాగమును రచించిరి. వారిలో ఇద్దరిని రీగన్, ఒకరిని పెద్ద బుష్ నియమించిరి. కెనెడీ మొదట మరియొక వైపు మొగ్గి పిమ్మట తన మనస్సు మార్చుకొనిరని 2004 లో బహిరంగపరుపబడిన బ్లాక్‌మన్ పత్రములవలన లోకమునకు తెలిసినది.

రచనగా చూచినచో మూడింటిలో ఇదియే మిక్కిలి విచిత్రమైనది. ఏలయన, తనపై ఒత్తిడి కలదని ఇది బాహాటముగా ఒప్పుకొన్నది. రాజకీయపు టొత్తిడికి లోబడి, బలవత్తరమైన కారణము లేకుండ, ఒక మహానిర్ణయమును రద్దు చేసినచో న్యాయస్థానముపై ప్రజలకు గల విశ్వాసము నశించునని మువ్వురును వ్రాసిరి. అనగా, పూర్వ తీర్పు సరియైనదా కాదా యను ప్రశ్నతోపాటు, దానిని మార్చినచో లోకులు మనలను గూర్చి ఏమనుకొందురు అను ప్రశ్నకూడ తూనికలోనికి వచ్చినది. ఒత్తిడికి లోబడరాదను పట్టుదలయు ఒకవిధముగా ఒత్తిడికి ప్రతిస్పందనయే. ఇది ఈ తీర్పులోని చిక్కు. మరియు 'రో' ను నిలిపితిమని చెప్పుచునే మాసముల విభజనను త్రోసిపుచ్చి, 'అనుచిత భారము' అను క్రొత్త కొలమానమును ప్రవేశపెట్టిరి. భర్తకు తెలియజేయవలెనను నిబంధన మాత్రము చెల్లదనిరి. ఏ భారము ఉచితము, ఏ భారము అనుచితము అను నిర్ణయము మరల న్యాయమూర్తి మనస్సునకే వదలబడినది.

అదే సంపుటములో ఇరుపక్షముల న్యాయమూర్తులు వ్రాసిన రెండు ప్రత్యేకాభిప్రాయములు చదువదగినవి. బ్లాక్‌మన్ తనకు ఎనుబదిమూడేండ్లు వచ్చినవనియు, తాను శాశ్వతముగా ఉండజాలననియు, తన స్థానమున వచ్చువారి నియామక విచారణ బహుశః ఈ ప్రశ్నపైననే కేంద్రీకృతము కాగలదనియు వ్రాసిరి. ఈ విషయమున ఆయనతో ఏకీభవింపని స్కాలియాయు, న్యాయస్థానము విలువల నిర్ణయములు చేయబూనినచో సెనేటు విచారణలు ప్రజాభిప్రాయ సేకరణలుగా మారక తప్పదని హెచ్చరించిరి. విరుద్ధ ధ్రువములందున్న ఇరువురును ఒకే భవిష్యత్తును చూచిరి. అదియే జరిగినది.

ఆశ్చర్యమునకు తలుపు మూయుట

'కేసీ' తీర్పు నిరాశపరచినవారు దానినుండి ఒక పాఠము నేర్చిరి. సూటర్‌వంటివారు మరల రాకూడదు అనునది ఆ పక్షమున నినాదమైనది. నియామకమునకు ముందే అభ్యర్థి లోకదృష్టిని నిశ్చయముగా తెలిసికొనవలెనని వారి తాత్పర్యము. 1982 లో స్థాపింపబడిన ఫెడరలిస్టు సంఘము అట్టి న్యాయవాదులకు పాఠశాలగాను, పరిచయవేదికగాను ఉపకరించెను. 2005 లో చిన్న బుష్ తన సన్నిహితురాలగు మయర్స్ పేరును ప్రతిపాదింపగా, ఆమె భావములు రుజువు కాలేదని స్వపక్షమువారే నిరసించిరి, ఆమె విరమించుకొనిరి. ఆ స్థానమునకు అలీటో వచ్చిరి. 1991 లో క్రింది న్యాయస్థానమున 'కేసీ' వ్యాజ్యము విన్నప్పుడు భర్తకు తెలియజేయు నిబంధనకూడ చెల్లునని అసమ్మతి వ్రాసినది ఆయనయే. ఆయన విషయమున ఊహకు తావు లేదు. రుజువు వ్రాతమూలకముగా నుండెను.

వ్యక్తి మారినచో తీర్పు మారునని శీఘ్రకాలముననే తేలినది. ఒక విధమైన శస్త్రచికిత్సా పద్ధతిని నిషేధించిన నెబ్రాస్కా చట్టమును 2000 లో సుప్రీంకోర్టు 5–4 ఓట్లతో కొట్టివేసెను. అట్టిదే యగు కేంద్రచట్టమును 2007 లో 5–4 ఓట్లతోనే నిలిపెను. నడుమ జరిగిన ముఖ్యమైన మార్పు ఓకానర్ వెడలి అలీటో వచ్చుట. న్యాయస్థానపు కూర్పు మారినదని గిన్స్‌బర్గ్ తన అసమ్మతిలో గుర్తుచేసిరి.

2016 ఫిబ్రవరిలో స్కాలియా మరణించిరి. ఒబామా గార్లండును ప్రతిపాదింపగా, సెనేటు ఆ సంవత్సరమంతయు ఆయన విచారణయే జరుపలేదు. ట్రంపు ఎన్నికలకు ముందే తాను నియమింపదలచినవారి పేర్ల పట్టికను ప్రకటించిరి. ఇద్దరు ముగ్గురు న్యాయమూర్తులను తాను నియమించినచో 'రో' తనంతట తానే పోవునని అక్టోబరు వాదప్రతివాదములో చెప్పిరి. అదే వేదికపై హిల్లరీ క్లింటన్ 'రో' ను కాపాడు న్యాయమూర్తులే తనకు కావలెననిరి. ఇరువురును తీర్పును ముందుగా చెప్పి, తీర్పరిని తరువాత వెదకుచుండిరి. 2017 లో గోర్సచ్, 2018 లో కావనా, 2020 లో బారెట్ నియమితులైరి. బారెట్ నియామకమును సెనేటు అధ్యక్ష ఎన్నికకు ఎనిమిది దినములు ముందుగా అంగీకరించెను.

ఇచ్చట రాజకీయశాస్త్రజ్ఞుడగు రాబర్ట్ డాల్ 1957 లో చెప్పిన సిద్ధాంతమును పరీక్షింపవలసియున్నది. సగటున ఇరువదిరెండు మాసముల కొకసారి క్రొత్త న్యాయమూర్తి వచ్చుచుండుటచే, సుప్రీంకోర్టు దేశమున ప్రబలముగానున్న రాజకీయ కూటమికి చాలకాలము దూరముగా నుండజాలదని ఆయన వాదము. సగటు సరియైనదే కావచ్చును. ఖాళీలు సగటు ప్రకారము రావు. కార్టరు నాలుగేండ్ల పాలనలో ఒక్క ఖాళీయు రాలేదు. ట్రంపు మొదటి నాలుగేండ్లలో మూడు వచ్చినవి. అమెరికాలో సుప్రీంకోర్టు న్యాయమూర్తి పదవి జీవితాంతము సాగునది. అందువలన ఒక్క మరణము, ఒక్క విరమణము ముప్పదియేండ్ల న్యాయమును నిర్ణయింపగలదు. ప్యూ పరిశోధన సంస్థ 2022 లో సేకరించిన అభిప్రాయములలో నూటికి 61 మంది గర్భవిచ్ఛిత్తి అన్ని లేక అధిక సందర్భములలో చట్టసమ్మతముగా నుండవలెననిరి. అదే సంవత్సరమున న్యాయస్థానము అందుకు విరుద్ధమైన దారి పట్టినది. కావున న్యాయమూర్తులను తీర్చిన రాజకీయ శక్తి ప్రజాభిప్రాయము కాదు. ఖాళీకై దశాబ్దములు కాచుకొని, అది వచ్చినప్పుడు సిద్ధముగా నున్న సుసంఘటిత శక్తి.

2022: చరిత్రయే ప్రమాణమన్న తీర్పు

మిసిసిపీ రాష్ట్రము పదునైదు వారములు దాటిన గర్భవిచ్ఛిత్తిని నిషేధించు చట్టమును 2018 లో చేసెను. 2020 జూన్‌లో సుప్రీంకోర్టు నాశ్రయించినప్పుడు, ఈ ప్రశ్నలకై 'రో' ను రద్దు చేయనక్కరలేదని ఆ రాష్ట్రమే తెలిపినది. గిన్స్‌బర్గ్ మరణించి బారెట్ వచ్చిన పిమ్మట, 2021 జూలైలో దాఖలు చేసిన వాదపత్రములో 'రో', 'కేసీ' తీర్పులు రెండును రద్దు కావలెనని కోరినది. రాజ్యాంగము మారలేదు, చట్టము మారలేదు, వినువారు మారిరి. అభ్యర్థనయు మారినది.

'డాబ్స్' అని ప్రసిద్ధికెక్కిన తీర్పు 2022 జూన్ 24న వెలువడినది. మిసిసిపీ చట్టము 6–3 ఓట్లతో నిలిచినది. 'రో', 'కేసీ' తీర్పులను రద్దు చేయుటకు ఐదుగురు సమ్మతించిరి. ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ చట్టమును నిలుపుటకు మాత్రమే అంగీకరించి, రద్దువరకు పోనక్కరలేదనిరి. రద్దు చేసిన ఐదుగురును రిపబ్లికన్ అధ్యక్షులు నియమించినవారు. అసమ్మతి తెలిపిన మువ్వురును డెమోక్రాటిక్ అధ్యక్షులు నియమించినవారు. 1973 లో పనికిరాని తాళపుచెవి 2022 నాటికి తాళమును తీయుచున్నది.

అలీటో రచన వాదపటిమ గలది. దాని సూత్రము ఒక్కటే: రాజ్యాంగమున స్పష్టముగా చెప్పబడని హక్కు దేశ చరిత్ర సంప్రదాయములలో లోతుగా వేరూనినదై యుండవలెను. 1868 లో పదునాలుగవ సవరణ అమలైననాటికి 37 రాష్ట్రములలో 28 రాష్ట్రములు గర్భవిచ్ఛిత్తిని ఏ దశయందైనను నేరముగా పరిగణించినవనియు, కావున అట్టి హక్కు లేదనియు ఆయన నిర్ణయించిరి. ఆ చట్టముల పాఠములను అనుబంధముగాకూడ చేర్చిరి. 'రో' తీర్పులోని బలహీనమైన ఆధారములను ఆయన చూపిన తీరు న్యాయశాస్త్ర విద్యార్థులు చదువదగినది.

కాని విమర్శకుడు అడుగవలసిన ప్రశ్న వేరు. చరిత్రను కొలుచుటకు 1868 నే ఏల గైకొనవలెను? శిశుచలనము తెలియుటకు పూర్వము గర్భవిచ్ఛిత్తిని ప్రాచీన ఆంగ్ల న్యాయము నేరముగా శిక్షింపలేదను వాదమునకు, శిక్షింపనంతమాత్రమున అది హక్కు కాజాలదని ఆయన సమాధానము. 1868 నాటి నిషేధములకు గౌరవము, అంతకు పూర్వపు మౌనమునకు నిరాకరణము! హక్కును 'గర్భవిచ్ఛిత్తి హక్కు' అని సంకుచితముగా పేర్కొనినచో చరిత్రలో కానరాదు. 'తన శరీరముపై తనకు గల స్వాతంత్ర్యము' అని విశాలముగా పేర్కొనినచో కానవచ్చును. ఏ వైశాల్యముతో పేరిడవలెనో చరిత్ర చెప్పజాలదు, న్యాయమూర్తియే చెప్పవలెను. ఎంపిక జరిగిన పిమ్మట ఇది చరిత్ర నిర్ణయమని చెప్పుట, వేరుపురుగును దాచి చెట్టు తనంతట తానే ఎండినదనుటవంటిది. 1868 నాటికి అమెరికా స్త్రీలకు జాతీయస్థాయిలో ఓటుహక్కు లేదు. అది 1920 లో వచ్చినది. ఆ సవరణను ఆమోదించిన 'ప్రజల'లో స్త్రీలు లేరని అసమ్మతి వ్రాసినవారు చెప్పినమాట ఈ తీర్పునకు గట్టి సమాధానము.

ఇంకొక భేదము గమనింపదగినది. బాహ్యప్రభావములను, లోకుల స్పందనను తాము పరిగణింపజాలమని అలీటో వ్రాసిరి. అసమ్మతి వ్రాసిన మువ్వురు మాత్రము న్యాయస్థానపు కూర్పు మారుటయే ఈ మార్పునకు ఏకైక కారణమనిరి. ఒక వైపు ప్రభావమే లేదనుట, మరియొక వైపు ప్రభావము తప్ప వేరు లేదనుట; రెండును సంపూర్ణ సత్యములు కావు. అలీటో భావములు ఎవరో ఆజ్ఞాపించుటచే కలిగినవి కావు. అవి ఆయన స్వంతములని 1991 నాటి వ్రాతయే సాక్షి. రాజకీయ శక్తి తీర్పును వ్రాయలేదు. అట్టి తీర్పును తన మనస్సాక్షి ననుసరించియే వ్రాయగలవారిని వెదకి పీఠమెక్కించినది. న్యాయమూర్తి నిజాయితీపరుడే, ఎంపిక మాత్రము రాజకీయము. న్యాయమూర్తి యొక్క నిష్కపటత్వమును చూపి ఎంపికలోని రాజకీయమును కప్పిపుచ్చుటకు అవకాశమున్నది గనుకనే ఈ మార్గము అంత బలమైనది.

రాష్ట్రములకు దిగిన పోరు

'డాబ్స్' తీర్పు ఈ ప్రశ్నను ప్రజలకును, వారి ప్రతినిధులకును తిరిగి అప్పగించుచున్నట్లు చెప్పినది. వాస్తవమున అది రాష్ట్ర న్యాయస్థానములకును దిగినది. దక్షిణ కరోలినాలో న్యాయమూర్తులను శాసనసభ ఎన్నుకొనును. ఆ రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానము 2023 జనవరిలో, సుమారు ఆరు వారములు దాటిన గర్భవిచ్ఛిత్తిని నిషేధించు చట్టమును 3–2 ఓట్లతో కొట్టివేసెను. ప్రధానాభిప్రాయము వ్రాసిన న్యాయమూర్తి ఆ పీఠముపై ఏకైక మహిళ. వయోనియమముచే ఆమె విరమించిరి. శాసనసభ ఆ స్థానమున ఒక పురుషుని ఎన్నుకొనెను. చట్టమును కొంత మార్చి మరల చేసిరి. అదే న్యాయస్థానము ఆగస్టులో 4–1 ఓట్లతో దానిని నిలిపెను. నడుమ గడచినవి ఎనిమిది మాసములు మాత్రమే.

ఇందుకు ప్రతిగా విస్కాన్సిన్ ఉదాహరణము కలదు. అచ్చట న్యాయమూర్తులను ఓటర్లే ఎన్నుకొందురు. 2023 ఏప్రిల్ ఎన్నికలో గర్భవిచ్ఛిత్తి స్వేచ్ఛకు తన సానుభూతిని దాచని అభ్యర్థిని గెలుపొందగా, పీఠముపై బలాబలములు మారినవి. 2025 జూలైలో ఆ న్యాయస్థానము 4–3 ఓట్లతో 1849 నాటి నిషేధచట్టము చెల్లదని తీర్పునిచ్చెను. ఫలితము నచ్చినవారు మొదటిదానిని రాజకీయమనియు, రెండవదానిని న్యాయమనియు అనవచ్చును. నచ్చనివారు తారుమారుగా అనవచ్చును. విమర్శకునికి రెండును ఒకటే. రెండుచోట్లను తీర్పు నిర్ణయింపబడినది విచారణశాలలో కాదు, తీర్పరిని ఎన్నుకొన్న చోట.

మనదేశమున

పోలికకై మన స్థితిని సంగ్రహముగా చూతము. గర్భస్రావము కలిగించుటను నేరముగా చెప్పిన 1860 నాటి భారత శిక్షాస్మృతి 312వ విభాగము స్థానమున 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత 88వ విభాగము అమలులో నున్నది. ఆ నేరమునకు మినహాయింపులు న్యాయస్థానము ఇచ్చినవి కావు. 1964 లో నియమింపబడిన శాంతిలాల్ షా సంఘము 1966 లో నివేదిక సమర్పించెను; దానిననుసరించి పార్లమెంటు 1971 లో చట్టము చేసెను; 2021 లో దానిని సవరించెను. అందుచే మన న్యాయస్థానములకు వచ్చు ప్రశ్న హక్కు కలదా లేదా యనునది కాదు. చట్టము ఎంతవరకు విస్తరించును అనునదే. 'డాబ్స్' వెలువడిన మూడు మాసములకు, 2022 సెప్టెంబరు 29న, మన సుప్రీంకోర్టు అవివాహితలకుకూడ ఇరువదినాలుగు వారముల అవకాశము వర్తించునని చెప్పినది.

మన న్యాయమూర్తులు అరువదియైదేండ్లకు విరమింతురు. ఒక్క ఖాళీ ముప్పదియేండ్లకు విలువైనది కాదు గనుక, దానికై పక్షములు అంతగా పోరాడవు. అట్లని ఇచ్చట ఒత్తిడులు లేవనుకొనరాదు. 2023 అక్టోబరులో ఇరువదియారు వారముల గర్భిణి విషయమున హిమా కోహ్లీ, నాగరత్న గారలు మొదట అనుమతి నిచ్చిరి. పిమ్మట ఒక వైద్యుని లేఖ ఆధారముగా కేంద్రప్రభుత్వము పునఃపరిశీలన కోరగా, ఆ ఇరువురును భిన్నాభిప్రాయములు వెలిబుచ్చిరి. తుదకు ముగ్గురు న్యాయమూర్తుల పీఠము అనుమతి నిరాకరించినది. కోహ్లీగారు పూర్వము తెలంగాణ ఉన్నత న్యాయస్థానమునకు ప్రథమ మహిళా ప్రధాన న్యాయమూర్తి, నాగరత్నగారు కర్ణాటకమువారు. ఒకే వ్యాజ్యమున, ఒకే పీఠముపై, ఇరువురు మహిళలు వేర్వేరు నిర్ణయములకు వచ్చుట ఇచ్చట సాధ్యమైనది. ఇచ్చటి ఒత్తిడి పక్షముది కాదు; ప్రభుత్వముది, వైద్యునిది. ఈ విషయమున మన స్థితి నేటి అమెరికాకంటె 1973 నాటి అమెరికాకే సమీపముగా నున్నది.

ఉపసంహారము

ఇంతవరకు పరిశీలించిన విషయములనుండి ఒక నిర్ణయమునకు రావచ్చును. న్యాయమూర్తికి స్వంత అభిప్రాయములు లేకుండుట స్వాతంత్ర్యము కాదు. అట్టి మనుష్యుడు లోకమున లేడు. తనను నియమించినవారు ఎదురుచూడని తీర్పును చెప్పగలుగుటయే స్వాతంత్ర్యమునకు గుర్తు. 1973 లో బ్లాక్‌మన్, వైట్ ఇరువురును అట్లు చెప్పిరి. 1992 లో మువ్వురు చెప్పిరి. టెక్సాస్ చట్టమువిషయమున 2016 లో ఓడిన పక్షముననున్న రాబర్ట్స్, దానివంటిదే యగు లూసియానా చట్టమును 2020 లో పూర్వనిర్ణయమునకు కట్టుబడి త్రోసిపుచ్చిరి. ఇవియే న్యాయపీఠమునకు గౌరవము తెచ్చిన ఘట్టములు. రాజకీయ శక్తులు మాత్రము వీనిని నియామకములోని పొరపాటులుగా ఎంచి, ఒక్కొక్కటిగా సవరించుకొనుచు వచ్చినవి. స్వాతంత్ర్యమే లోపముగా పరిగణింపబడినది. న్యాయస్థానమునకు కలిగిన నష్టము ఇదియే. ఇది ఒక తీర్పు నష్టముకంటె పెద్దది. ఏలయన, ఫలితము ముందే తెలిసినచోట వాదించుట వ్యర్థమని ఓడినవాడు తలచును. గెలిచినవాడును తన గెలుపు తరువాతి ఖాళీవరకే యని ఎరుగును.

అయినను ప్రధానమైన తీర్పులకు కారణములు వ్రాయు సంప్రదాయము ఇంకను మిగిలియున్నది. అట్టి తీర్పులలో న్యాయస్థానము ఓటు వేసి ఊరకుండుట ఆచారము కాదు.  'డాబ్స్' తీర్పులో 1868 ను ఎంచుకొన్న చోటు, 'కేసీ' లో ఒత్తిడిని ఒప్పుకొన్న చోటు, 'రో' లో వైద్యుని ముందునకు తెచ్చిన చోటు మనకు కానవచ్చుట ఈ సంప్రదాయము వలననే. గెలుపోటముల వార్తతో తృప్తి చెందక, తీర్పుల పాఠములను అసమ్మతులతో సహా చదువు అలవాటు పౌరులలో పెరిగినచో, తీర్పరిని ఎంచుకొను శక్తులకు కొంతయైనను సంకోచము కలుగును. ఆ అలవాటు న్యాయవాదులకు మాత్రమే పరిమితము కానక్కరలేదు.